ఆ పేరుగల మనిషి లేడు

పత్తి మొగ్గను భయపడుతూనే గిల్లాలి. గోరు రవ్వంత ఎక్కువ దిగితే నడిమి కాడ తెగి మొగ్గ చస్తుంది. తక్కువ దిగితే పుప్పొడి పోగులు లోపలే మిగిలి, తెల్లారేసరికి ఆ పువ్వు తన గింజను తానే కట్టుకుంటుంది. అట్లాంటి గింజను విత్తనాల కంపెనీ తీసుకోదు. అందుకే మొగ్గ అడుగున బొటనవేలి గోరు ఆనించి, ఒక్క తిప్పు తిప్పి, రేకలూ పోగులూ కలిపి తలమీది టోపీ తీసినట్టు తీసేయాలి. మిగిలిన లేత కాడకు ఎర్ర కాగితం ముక్క తొడగాలి. మర్నాడు పొద్దున మంచు ఆరగానే మగ పువ్వు తెచ్చి రుద్దేవాళ్లకు అదే గుర్తు. శ్రావణమాసం వచ్చిందంటే గద్వాల పక్క గట్టు మండలంలో ఆడవాళ్ల బొటనవేళ్లన్నీ నల్లబడి ఉంటాయి.

ఆ మధ్యాహ్నం రెబెకా పత్తి సాలు నడుమ ఉండగా పెంటమ్మ పొలం అంచు గెనెం మీది నుంచి అరిచింది.

"ఓ రెబెకా! మన సారు లేసిండే, ఉరికిరా!"

రెబెకా చేతిలోని మొగ్గ తెగిపోయింది. దాన్ని అట్లాగే పడేసి ఉరికింది. సద్దిగిన్నెకు ఆనించిన పెంటమ్మ ఫోనులో రాఘవేందర్ సారు నిలబడి ఉన్నాడు. వనపర్తి మనిషి, వకీలు, రాజ్యసభలో ప్రతిపక్షం సభ్యుడు. పోయిన వారం గద్వాలలో మీటింగుకు వచ్చినప్పుడు గేటు దగ్గర జనం కాళ్ల మధ్య నుంచి దూరి, మొగుడి ఫోటో ఆయన చేతిలో పెట్టింది రెబెకా. ఆయన దగ్గర పనిచేసే విజయ్ అనే పిల్లగాడు పేరూ ఊరూ రాసుకున్నాడు. అంతే. అది ఢిల్లీ దాకా పోతుందని ఆమె అనుకోలేదు. ఇప్పుడు పోయింది.

సారు తెలుగులోనే మాట్లాడుతున్నాడు.

"అధ్యక్షా, మా పాలమూరోడు ఏ దేశం పోయినా మేం దుబాయి పోయిండనే అంటం. మాకు కూలితోటి పని, దేశాల పేర్లతోటి కాదు. మీకు దేశాల పేర్లు బాగ తెలుసు. ఆ దేశం రాజుతోటి ఏం కొన్నరో, ఏం అమ్మిండ్రో తెలుసు. ఆ రాజు గోడలకు రాడ్లు కట్టెటోని పేరు తెల్వది. నేను చెప్త, రాసుకోండ్రి. సాంసన్. గట్టు మండలం. యుద్ధంల బాంబు పడ్డ లేబర్ క్యాంపుల ఉండె. ఆ దినం నుంచి మాట లేదు, పలుకు లేదు. మన విమానాలు పోయి మన వాళ్లను తెచ్చినయని చప్పట్లు కొట్టుకున్నరు. ఆ విమానంల సాంసన్ లేడు. ఎందుకు లేడో విదేశాంగ మంత్రి గారు చెప్పాలె."

టైమైందని గంట మోగింది. సారు ఆగలేదు.

"ఆయన భార్య విత్తనపత్తిల మొగ్గలు గిల్లుతున్నది. దేశం మొత్తానికి పత్తి గింజ పండించి ఇచ్చే మండలం అధ్యక్షా! అక్కడి మనిషికి అక్కడ అన్నం లేదు. ఇంటి పాలసీ సక్కగుంటే మీ విదేశాంగ పాలసీకి ఇంత పని పడకపోతుండె..."

మైకు ఆగిపోయింది. సారు నోరు ఆడుతూనే ఉంది. చెయ్యి పైకీ కిందికీ పోతూనే ఉంది. ఫోనులో వేరే మనిషి బొమ్మ వచ్చింది.

గెనెం మీద అందరూ ఒక్కసారే అందుకున్నారు.

"మొగ్గలు గిల్లుడు గుడ చెప్పిండమ్మా! ఢిల్లీల మన గోర్ల ముచ్చట!"

"నా గోరు ఒక్కటి సూపిస్తె అయిపోవు," అంది పెంటమ్మ బొటనవేలు ఎత్తి. "అందరు లేసి బయటికి ఉరుకుదురు."

నవ్వులు. రెబెకా కూడా నవ్వింది, పళ్లు కనబడేట్టు. మొగుడి పేరు అంత పెద్ద ఇంట్లో, అంత పెద్ద గొంతుతో పలకడం విన్నాక ఏ ఆడమనిషి నవ్వదు? కానీ మళ్లీ సాల్లోకి దిగాక వరసగా నాలుగు మొగ్గలు తెంపేసింది. అటూ ఇటూ చూసి, వాటిని కాలితో మట్టిలోకి తొక్కింది. పొలం ఎవరిదైనా, పంట మీద అజమాయిషీ మేస్త్రీ భీమన్నది. విత్తనాల కంపెనీకీ రైతుకూ నడుమ ఆయనే. సాంసన్‌ను దుబాయి పంపిందీ ఆయనే.

మర్నాడు మంత్రిగారు జవాబు చెప్పారు.

అది హిందీలో ఉండడంతో పెంటమ్మ ఫోనులో ఎవరికీ సగం కూడా అర్థం కాలేదు. బల్లలు చరచడం మాత్రం అర్థమైంది. అవతల నవ్వుతున్నారనీ అర్థమైంది. సారు లేచి ఏదో అనబోతే కూర్చోమని చేతులు ఊపడం కనబడింది. కాసేపటికి రెబెకా ఫోను మోగింది. సారు గద్వాల ఆఫీసు నుంచి విజయ్.

"అక్కా, ఏం చెప్పినవక్కా నువ్వు? ఆ పేరుగల మనిషి ఆ దేశంల లేడంట. మన ఎంబసీ లెక్కల లేడు, విమానం ఎక్కినోళ్లల్ల లేడు, చచ్చినోళ్లల్ల లేడు. సారు సభను తప్పుదోవ పట్టిచ్చిండని మంత్రి అంటుండు. సారు మీద నోటీసు ఇస్తరంట. పాస్‌పోర్టుల ఏం పేరుందక్కా?"

రెబెకాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

పాస్‌పోర్టులో ఎల్లన్న అని ఉంది.

ఇందులో దొంగతనం ఏమీ లేదు, దాపరికమూ లేదు. వాళ్ల ఎస్సీ వాడలో ప్రతి ఇంటికీ రెండు పేర్లు. తల్లి కన్నప్పుడు ఒకటి, పాస్టరు నీళ్లలో ముంచినప్పుడు ఒకటి. బడిలో, రేషను కార్డులో, ఆధారులో మొదటిది. పొయ్యి దగ్గర, చర్చిలో, పొలంలో, తిట్టేటప్పుడు, ముద్దుచేసేటప్పుడు రెండోది. రెబెకా కాగితాల్లో రేణుక. బిడ్డ ఎస్తేరు ఎస్సీల గురుకులంలో అర్చన. ఎందుకంటే చట్టం ఉంది. ఎస్సీ మనిషి ఏసుప్రభువు అన్నాడా, ఆ పూట నుంచి ఎస్సీ కాదు. బీసీ-సీ అని ఓ మూల పడేస్తారు. ఊరి హోటల్లో వాడి గ్లాసు వేరే ఉంటుంది, కూలి అదే, తిట్టు అదే, పీనుగను మోయించడం అదే. కులం కాగితం మీద నుంచి మాత్రం పోతుంది. దేవుణ్ని మార్చుకున్నందుకు కులం వదిలిపోయిన మనిషిని ఒక్కణ్ని చూపించమనండి ఈ చట్టం రాసినవాళ్లను. చూపించలేరు. అందుకని జనం కాగితానికో పేరు, పొయ్యి దగ్గరికో పేరు పెట్టుకుని బతుకుతున్నారు. తహశీల్దారుకు తెలుసు, పంతులుకు తెలుసు, సర్పంచుకు తెలుసు. ఎవరూ నోటితో అనకుండా ఉన్నన్నాళ్లే బతుకు.

గద్వాల గేటు దగ్గర "నీ పెనిమిటి పేరేందక్కా?" అని అడిగితే రెబెకా నోటికి వచ్చింది పొయ్యి దగ్గరి పేరు. ఏడుస్తున్న మనిషి నోటికి కాగితం మీది పేరు వస్తుందా?

"అక్కా, ఇంటున్నవా?"

పక్కనే పెంటమ్మ నిలబడి ఉంది. తల అడ్డంగా ఊపింది, మెల్లగా.

"తెల్వదు తమ్మీ," అంది రెబెకా. "కాయితాలు మేస్త్రీ తాన ఉన్నయి. సూసి చెప్త."

ఫోను పెట్టేశాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గింజ కట్టే ఆడ మొక్కల వరసలో పక్కపక్కనే దిగి, మొగ్గలు గిల్లుకుంటూ పోయారు.

భీమన్న ఆ సాయంత్రమే వచ్చాడు. ఆయన వాడలోకి వస్తే ఎవరో ఒకరు కుర్చీ తెచ్చి వేస్తారు. కూర్చుంటాడు, మంచినీళ్లు మాత్రం అడగడు. తన బండిలో సీసా ఉంటుంది.

"ఏమే రెబెకా, మొగన్ని రాజ్యసభకు ఎక్కిస్తివి!" నవ్వుతూనే అన్నాడు. "నన్నడుగుతె నేన్జెప్పకపోదునా? వాడు మంచిగనే ఉన్నడు. ఫోన్లు లేవంతే. యుద్ధమాయె గద."

"ఉన్నడా అన్నా? నీతోటి మాట్లాడిండా?"

"ఆడున్న మనిషి చెప్పిండు."

"ఏ మనిషి?"

భీమన్న నవ్వు ఆగింది. సీసా మూత తీసి రెండు గుటకలు తాగి, మళ్లీ మూత పెట్టాడు. అంతసేపూ ఆమెనే చూశాడు.

"సూడు. ఎంపీ మల్ల అడుగుతడు. పాస్‌పోర్టుల పేరు తెల్వదను. లేకుంటె మొగడు చెప్పకుంట పోయిండను, యాడికి పోయిండో తెల్వదను. నా మాట ఇను. ఆ ఎల్లన్న పేరు బైటికొచ్చిందనుకో, వాడు పనికి పోయే వీసా మీద పోలేదని తేల్తది, సూసొచ్చే వీసా అని తేల్తది. ఆడ జైలు వానికి."

జైలు ఒక్క సాంసన్‌కే అని రెబెకా నమ్మలేదు. ఆ వీసా తీసింది ఎవరో వాడ మొత్తానికి తెలుసు. కానీ ఆయన తర్వాత అన్న మాట ముందు అదంతా కొట్టుకుపోయింది.

"అది ఇడ్సిపెట్టు. సాంసన్, ఎల్లన్న ఒక్కడే అని టీవీల చెప్తె, మీ బిడ్డ గురుకులంల ఉంటదా? ఇందిరమ్మ ఇండ్లు ఎస్సీ కోటల వచ్చినయి, ఉంటయా? ఒక్క నీ ఇల్లు గాదు, ఒకటి లాగితె కుప్ప మొత్తం వస్తది. నేను ఫిర్యాదు పెట్టనమ్మా. నాకేం పని? టీవీ సూసినోడు ఎవడన్న పెడ్తడు."

కుర్చీలోంచి లేచి, ప్యాంటు దులుపుకుని పోయాడు. మనిషిని బెదిరించినట్టు లేదు. వర్షం వస్తుందేమో చూసుకో అని చెప్పిపోయినట్టు ఉంది.

బండి చప్పుడు సందు దాటిందో లేదో పెంటమ్మ వచ్చింది. గడప బయటే నిలబడింది. ఎన్నేళ్లుగానో లోపలికొచ్చి గంజి పోసుకుని తాగే మనిషి.

"నా పోరడు కానిస్టేబులు పరీక్షల పాసైండు. ఇగ కులం సర్టిఫికెట్లు సూసేది ఉన్నది," అంది. "నీకు తెల్వందేం గాదు."

"తెల్సక్కా."

"నీ మొగని కోసం నేనేడ్వలేదా? మోకాళ్ల మీదుండి ప్రార్థన జెయ్యలేదా? ప్రార్థన ఇంక గుడ జేస్త. గని నా పోరని నోట్ల మన్ను గొట్టకు."

రెబెకా అత్తవైపు చూసింది. జమ్ములమ్మ వాకిట్లో చాట పట్టుకుని జొన్నలు చెరుగుతోంది. కొడుకు మాట ఆగిపోయిన నాటి నుంచి ఆమె పెద్దగా మాట్లాడడం లేదు. చాట ఆపకుండానే అంది.

"పెంటమ్మ చెప్పింది నిజమే. నోరు మూస్కో. నాకొక్కడు పోయిండని వాడ మొత్తం పోవాల్నా?"

"అత్తా, నీ కొడుకు..."

"నా కొడుకని నువ్వు నాకు చెప్తవా?"

చాటలోని జొన్నలు ఎగిరి నేలమీద పడ్డాయి. ముసలామె వంగి ఒక్కో గింజా ఏరుకుంటూ కూర్చుంది. ఏరడం అయిపోయాక కూడా ఆమె వేళ్లు మట్టిలో వెతుకుతూనే ఉన్నాయి.

శనివారం సభ ఉండదు, సారు వనపర్తిలో ఉంటాడని విజయ్ చెప్పాడు. రెబెకా అత్తకు చెప్పలేదు, పెంటమ్మకు చెప్పలేదు. గద్వాలలో డాక్టరుకు చూపించుకోవాలని పొలంలో చెప్పి బస్సెక్కింది. బస్సులో కొంగు ముక్కు మీదికి లాక్కుని కూర్చుంది. వెనక సీటులో ఎవరు దగ్గినా భీమన్న మనిషే అనిపించింది. గద్వాలలో బస్సు మారేటప్పుడు ఒకడు "యాడికి పోతున్నవమ్మా?" అని ఊరికే అడిగితే, "దవాఖానకు" అని చెప్పి వనపర్తి బస్సు వదిలేసుకుంది. తర్వాతి దాంట్లో పోయింది.

సారు ఇంట్లో బనియను మీద ఉన్నాడు. టీవీలో చూసిన ఎత్తు లేడు. కుర్చీ చూపించాడు. ఆమె నేలమీద కూర్చోబోతే, "గట్ల కూసుంటె నేన్గుడ కింద కూసోవాలె, మోకాళ్ల నొప్పి చెల్లె," అన్నాడు. ఆమె కుర్చీ అంచు మీద కూర్చుంది.

చెప్పేసింది. బస్సులో వరసగా పేర్చుకున్న మాటలన్నీ కలిసిపోయి, ముందుది వెనకా వెనకది ముందూ వచ్చాయి. ఎల్లన్న, సాంసన్, భీమన్న, వీసా, బిడ్డ, గురుకులం, పెంటమ్మ కొడుకు. విజయ్ తలుపు దగ్గర నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు.

అంతా విని సారు లేచి కిటికీ మూసి వచ్చాడు.

"ఈ చట్టం తప్పని నేను సభల రెండుసార్లు మాట్లాడిన," అన్నాడు. "మొదటిసారి మాట్లాడినప్పుడు కుర్చీలు ఖాళీగుండె. రెండోసారి మా పార్టీ పెద్దాయనే చిట్టీ పంపిండు, ఈ ముచ్చట ఇప్పుడెందుకు, ఎలక్షన్లున్నయి అని." నవ్వబోయి ఊరుకున్నాడు. "విదేశాల మీద ఎంత గట్టిగ అరిసినా ఎవరేమనరు చెల్లె. యుద్ధం మీద అరుసు, ఎంబసీ మీద అరుసు, చప్పట్లు గుడ కొడ్తరు. ఇంటి ముచ్చట తీస్తెనే అందరికీ గొంతుల ఎముక ఇరుక్కుంటది. నాకు గుడ."

"మీకు గుడ భయమా సార్?"

విజయ్ గోరు కొరకడం ఆపాడు. సారు మాత్రం కోప్పడలేదు.

"ఉన్నది. నోటీసొచ్చింది. అబద్ధం ఆడిండు అని తేలిస్తె సభల నన్ను నిలబెట్టి అడుగుతరు. అది పెద్దది గాదు, నేను తట్టుకుంట. గని నేను లేసి సాంసన్, ఎల్లన్న ఒక్కడే అని చెప్తె అది రికార్డుల పడ్తది. ఒకసారి పడ్డంక నేను తీయలేను, నువ్వు తీయలేవు. అందుకని నీ నోటి నుంచి రాందే నేను చెప్ప."

"మరి నా పెనిమిటి?"

"ఎల్లన్న అని ఉంటెనే వాళ్లు ఎతుకుతరు. పేరు లేంది ఎట్ల ఎతుకుతరు? ఆ దేశం జైళ్లల్ల, దవాఖానలల్ల మనోళ్లు మస్తుగున్నరంట." ఆగి, గొంతు తగ్గించాడు. "ఢిల్లీ నుంచి మీ కలెక్టరాఫీసుకు ఫోనొచ్చింది. విచారణకొస్తరు. ఒక్కటే అడుగుతరు, ఇద్దరొకటేనా కాదా అని. ఆడ నువ్వేమంటవో సభల నేన్గదే అంట. కాదంటె, నాకు తప్పు సమాచారం వచ్చిందని క్షమాపణ చెప్పుకుంట. నీ మీద మాట రానియ్య."

అంటే భారం తిరిగి ఆమె ఒళ్లోనే పడింది. పెద్ద మనిషి మంచివాడే. మంచివాడు కాబట్టే ఆమెకు దాక్కునే చోటు లేకుండా చేశాడు.

సోమవారం ఆర్‌ఐ వచ్చాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ శ్రీశైలం అంటే మండలంలో చెడ్డ పేరు లేదు, మంచి పేరూ లేదు. సంచిలో కాగితాలు, ఇంకు ప్యాడు. వెంట భీమన్న. కుర్చీలు రెండు వచ్చాయి. వాడ మొత్తం పనికి పోయి వచ్చి, చేతులు కడుక్కోకుండానే గోడలకు ఆనుకుని నిలబడింది. పిల్లలు కూడా అరవడం లేదు.

"టీవీల ఎంపీ చెప్పిన సాంసన్ అనేటోడు, ఈ రేషను కార్డుల ఉన్న ఎల్లన్న," ఆర్‌ఐ కాగితం చదువుతున్నట్టు అడిగాడు, "ఒక్కడా, ఇద్దరా?"

రెబెకా పెంటమ్మ గడప వైపు చూసింది.

"జల్ది ఏం లేదమ్మా, ఆలోచించి చెప్పు." ఆర్‌ఐ తలెత్తాడు. అతని కళ్లలో బతిమాలడం ఉంది. "సాంసన్ అనేటోడు ఎవడో నాకు తెల్వదంటె నాకు పని ఒక్క పేజీ. రాస్కోని పోత. ఒక్కడే అంటె కథ వేరే. ఆడికెల్లి కలెక్టరు, కులం విచారణ, ఇల్లిల్లు తిరుగుడు. ఎవ్వరికీ మంచిది గాదు."

భీమన్న సీసా మూత తిప్పుతున్నాడు. తెరిచాడు, మూశాడు. పెంటమ్మ తన గడప మీద నిలబడి ఉంది, వెనక కొడుకు.

రెబెకా చెప్పాలనుకుంది. ఏది చెప్పాలనుకుందో ఆమెకే తెలియదు. "సార్..." అంది. "నాకు..." అంది. కాళ్ల కింద నేల వేడిగా ఉందని మాత్రం తెలుస్తోంది. తెలియదు అనడం ఎంత చిన్న మాట! ఫోనులో విజయ్‌కి ఒకసారి అననే అన్నది. ఇంకోసారి అంటే అయిపోతుంది.

"నాకు తెల్..."

"ఒక్కడే."

అన్నది జమ్ములమ్మ. చాట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి వస్తోంది.

"అత్తా!" అంది రెబెకా.

"ఎల్లన్న అంటె గుడ వాడే, సాంసన్ అంటె గుడ వాడే. ఇద్దర్ని కనే బలం నాకు లేకుండె సార్. ఏలిముద్ర యాడ ఎయ్యాలె?"

భీమన్న లేచాడు. "ముసల్దానికి మతి లేదు సార్, కొడుకు మీది రంధిల..."

"మతి లేకనే గద నీ ఎంబడి పంపిన!" ముసలామె అతనివైపు తిరగలేదు. ఇంకు ప్యాడు వైపే చూస్తోంది. "మొన్న నోరు మూస్కోమన్న. రెండు దినాలు మూస్కొని సూసిన. అన్నం లోపటికి పోతలేదు. వాడు ఆడ దవాఖానల పడి నీ పేరేందిరా అంటె ఏం చెప్తుండొ! ఏ పేరు చెప్పినా లేడంటుండ్రంట గద మీరు."

ఆర్‌ఐ పెన్ను కాగితం మీద ఆగింది. రెబెకా వైపు చూశాడు. "కట్టుకున్నదాని మాట గుడ గావాలె."

"ఒక్కడే సార్," అంది రెబెకా. ఈసారి మాట వచ్చింది.

"అయితె పంచనామా సాక్షి సంతకం గావాలె. వాడోళ్లే ఎవరన్నా."

గోడలకు ఆనుకున్న వాళ్లు కదిలారు, ముందుకు కాదు. ఒకరు పిల్లను ఎత్తుకుని లోపలికి పోయారు. ఒకరికి పొయ్యి మీద కూర గుర్తొచ్చింది. సాక్షి సంతకం అంటే, నాకూ తెలుసు, మా ఇంట్లోనూ ఇంతే అని రాసిచ్చినట్టు. పెంటమ్మ గడప మీద ఎవరూ లేరు. తలుపు వేసి ఉంది. భీమన్న మళ్లీ కూర్చున్నాడు, కాలు మీద కాలు వేసుకున్నాడు.

ఆర్‌ఐ పెన్ను మూత పెట్టబోయాడు.

ఆ తలుపు వెనక పెద్ద గొంతులు లేచాయి. కొడుకేదో అన్నాడు, తల్లి ఏదో అంది, గిన్నె ఒకటి పడింది. తలుపు తెరుచుకుని పెంటమ్మ బయటికి వచ్చింది, కళ్లు ఎర్రగా. నేరుగా వచ్చి ఆర్‌ఐ చేతిలోని పెన్ను లాక్కుంది.

"నీ మొగని కోసం గాదే," అంది రెబెకాతో, కోపంగా. "నిన్ను సూసి నేను తలుపేసుకున్న. నా పోరడు సూసి, రేపు నేను పోలీసైనంక గుడ గిట్లనే తలుపేస్తవా అమ్మా అన్నడు. సిగ్గు దీసిండు బాడుకావ్." సంతకం పెట్టింది. మూడు అక్షరాలు పెట్టడానికి చాలాసేపు పట్టింది.

అత్త వేలిముద్ర, రెబెకా సంతకం కూడా పడ్డాక ఆర్‌ఐ కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా బండెక్కాడు.

"మంచిది," అన్నాడు భీమన్న, లేస్తూ. "రేపటికెల్లి మీ ముగ్గురు పొలానికి రాకుండ్రి."

"రాం," అంది పెంటమ్మ. "ఇయ్యాల గిల్లినయి ఎన్ని సాళ్లు మేస్త్రీ? ఎర్ర కాయితాలు ఎగురుతున్నయి ఆడ. రేపు పొద్దుగాల మగ పువ్వు రుద్దకుంటె దినం పంట రాల్తది. కంపెనీకి నువ్వే చెప్పుకో."

భీమన్న సందులో చుట్టూ చూశాడు. ఇందాక లోపలికి పోయిన ఆడవాళ్లు గడపల్లోకి వచ్చి ఉన్నారు. పనికి వస్తామనలేదు, రామనలేదు. ఆయన సీసా కుర్చీ దగ్గరే మరిచిపోయి పోయాడు.

జనం చెదిరాక రెబెకా ఫోను చేతిలోకి తీసుకుంది. ఇప్పుడిక వెనక్కి లేదు. సాంసన్ దొరుకుతాడో, దొరికేసరికి ఎట్లా ఉంటాడో తెలియదు. ఇంటి మీదికి ఏ కాగితం ఎప్పుడు వస్తుందో తెలియదు. ఒక్కటే తెలుసు. ఊరి నోటి నుంచి పోకముందే బిడ్డకు తానే చెప్పాలి. గురుకులం వార్డెన్ మేడంకు ఫోను చేసి, అర్చనకు ఇయ్యమని అడిగింది.

"అమ్మా!" పిల్ల రొప్పుతోంది, ఉరికి వచ్చినట్టుంది. "నాయిన మాట్లాడిండా?"

"ఇంక లేదు బిడ్డా. ఒక ముచ్చట చెప్త, భయపడకు. మన ఇంటికి ఆఫీసరొచ్చిండు. మీ నాయిన పేరు... అది... నీకు ఆడ ఎవరన్న అడుగుతె..."

"అడిగిండ్రమ్మా."

"ఎవరు? ఏమని?"

"టీవీల చెప్పిన సాంసన్ మీకేమన్న తెల్సా అని మా తెలుగు మేడం క్లాసుల అడిగింది. గట్టు మండలం అన్నరు గద, గందుకు."

"నువ్వేమన్నవ్?"

అవతల ఆడపిల్లలు పళ్లేలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"లేసి నిలబడి, మా నాయినే అన్న," అంది ఎస్తేరు. "అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఎంపీ సారు మాట్లాడిన తెల్లారే ఇది. తప్పా అమ్మా?"

రెబెకా ఫోను చెవికి ఆనించుకుని గడపలో కూర్చుంది. తమకు ఇన్ని దినాలు గొంతులో ఇరుక్కున్న మాట అక్కడ అంతకు ముందే బయటికి వచ్చి ఉంది. దాని వెల ఎంతో ఆ పిల్లకు తెలియదు.

"అమ్మా, తప్పా?"

"నువ్వు తిన్నవా?" అంది రెబెకా.